లారీ డైరీ: మైకో పంపు బండా, బీఎస్6 బండా?

నవంబరు 5, 2025

ఈ సార్వా ధాన్యం మొదలయ్యేలోపు సొంత లారీ ఉండాలని బావా నేనూ గట్టిగా అనుకున్నాం. గుడివాడ, ముదినేపల్లి, కైకలూరు వైపు కల్లాల నుంచి మిల్లులకు ధాన్యం తోలడం ఆరేళ్లుగా మా పని, కానీ బండి మాత్రం ఎప్పుడూ కిరాయిదే. పోయిన డిసెంబరులో మబ్బు పట్టిన రోజు ఒక రైతు కల్లంలో 200 బస్తాల ధాన్యం రాశి పోసుకుని మా కోసం ఎదురుచూస్తుంటే, రావాల్సిన లారీ అతను ఎక్కువ కిరాయి వచ్చిందని వేరే ఊరు వెళ్లిపోయాడు. రాత్రి వాన కురిసింది. తెల్లారి వెళ్తే ఆయన బరకం ఎత్తి, అడుగున తడిసిన ధాన్యం గుప్పెడు తీసి నా అరచేతిలో పోశాడు. ఒక్క మాట అనలేదు. అది నాకు ఇప్పటికీ గుర్తొస్తూనే ఉంది.

ఈ ఏడు మొంథా తుపానుకు చేలు పడిపోయాయి కాబట్టి కోతలన్నీ ఒకేసారి మీద పడతాయి. చేతిలో 5 లక్షలు ఉంది, మిగతాది ఫైనాన్స్. ఏ బండి అన్నది పెద్ద సమస్య కాదు, ఆరు టైర్ల లారీ, 130 బస్తాలు వేస్తే చాలు. సమస్యంతా ఇంజన్ దగ్గరే.

పాత లారీల మార్కెట్ ఇప్పుడు మూడు కుప్పలుగా ఉంది. (బీఎస్ అంటే భారత్ స్టేజ్, బండి పొగ మీద ప్రభుత్వం పెట్టిన హద్దు. నంబరు పెరిగేకొద్దీ హద్దు గట్టిది.) బీఎస్3 బండ్ల అమ్మకాన్ని సుప్రీంకోర్టు 2017 ఏప్రిల్ 1 నుంచి ఆపేసింది, కాబట్టి మన జిల్లాల్లో అంతకుముందు కొన్న లారీల్లో ఎక్కువ భాగం బీఎస్3వే, మైకో పంపుతో, అంటే ఇంజన్‌కి డీజిల్ కొలిచి కొట్టే మెకానికల్ పంపుతో నడిచేవే. (ఆ కంపెనీ పేరు 2008లోనే బాష్ అయిపోయింది, మేస్త్రీలకు మాత్రం ఇప్పటికీ అది మైకో పంపే.) అక్కడి నుంచి 2020 మార్చి దాకా బీఎస్4. 2020 ఏప్రిల్ నుంచి బీఎస్6. బీఎస్5 మన దేశంలో రాలేదు, దాటేశారు. బావ ఓటు కొత్తదానికి. నా మనసు పాతదాని వైపు ఉంది, కానీ మనసుతో కొంటే మునుగుతామని రెండూ చూద్దామన్నాను.

నవంబరు 9

విజయవాడ ఆటోనగర్‌లో ఒక బ్రోకర్ చూపించిన 2021 బీఎస్6 బండి. ఫైనాన్స్ వాళ్లు లాక్కుని వేలం వేస్తే కొన్నాడట. క్యాబిన్ తళతళలాడుతోంది, టైర్లు 70 శాతం పైనే ఉన్నాయి, ధర 13.5 లక్షలు, మిగతా బీఎస్6 బండ్లకంటే లక్షన్నర తక్కువ. బావ అప్పుడే స్టీరింగు ముందు కూర్చుని అద్దాలు సర్దుకుంటున్నాడు.

తెలిసిన ఎలక్ట్రీషియన్‌ని స్కానర్‌తో తీసుకెళ్లాను. ఇది చాలా ముఖ్యం, బీఎస్6 బండి కొనేవాళ్లు స్కానర్ లేకుండా వెళ్లొద్దు, ఇంజన్ శబ్దం విని చెప్పే రోజులు ఆ బండ్లకు లేవు. లోపం చూపించే కోడ్లు రెండు, తుడిచేసినా మళ్లీ వచ్చాయి: ఎస్‌పీఎన్ 4364, అంటే పొగలోకి యూరియా ద్రవం కొట్టి అందులోని నైట్రోజన్ ఆక్సైడ్లు తగ్గించే పని సరిగ్గా జరగడం లేదని. ఇంకోటి ఎస్‌పీఎన్ 3251, అంటే మసి పట్టే డీపీఎఫ్ ఫిల్టరుకి ముందూ వెనకా ఒత్తిడి తేడా లెక్కలో లేదని.

బ్రోకర్ "సెన్సార్ మారిస్తే పోతుందండీ" అన్నాడు. అప్పుడు ఎలక్ట్రీషియన్ కుర్రాడు చాసిస్ పక్కన ఉన్న ఒక వైరింగ్ కనెక్టర్ మీద లాక్ నొక్కి మెల్లగా లాగాడు. లోపల పిన్నుల చుట్టూ లేత ఆకుపచ్చ చిలుము. రబ్బరు సీలు మడతలో గోరు పెట్టి గీస్తే బూడిదరంగు ఒండ్రు, ఆరిపోయి పొడిగా రాలింది. తర్వాత సీటు పట్టాల వెనక చూశాం, అక్కడా అదే రంగు గీత, గీసినట్టు తిన్నగా. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు ఈ బండి ఎక్కడ ఉందని అడిగితే బ్రోకర్ ఫోన్ వచ్చిందని పక్కకు వెళ్లిపోయాడు.

మునిగిన మైకో పంపు బండైతే ఆయిల్, డీజిల్ దింపేసి, నీళ్లు తోడి, గేర్ బాక్సు, హౌసింగ్ (వెనక ఇరుసు) ఆయిల్ మార్చి, స్టార్టరూ ఆల్టర్నేటరూ బాగుచేస్తే చాలావరకు తేరుకుంటుంది. కామన్ రైల్ బండికి (బీఎస్6 లాగా డీజిల్‌ని కంప్యూటర్ కొట్టించేది) మాత్రం నీళ్లు వైర్లలోనే ఉండిపోతాయి. ఇంజన్ గట్టిగానే ఉంటుంది, కానీ ఏ రోజు ఏ పిన్ను అందకుండా పోతుందో ఎవరూ చెప్పలేరు.

తిరిగి వచ్చేటప్పుడు ఇంకొకాయన "ఆ డీపీఎఫ్ తీయించేసి ప్రోగ్రామ్ మార్పిద్దాం, గొడవే ఉండదు" అని సలహా ఇచ్చాడు. చట్టరీత్యా తప్పు, పైగా ఆ ప్రోగ్రామ్ చేసినవాడు తప్ప ఇంకెవరూ ఆ బండిని ముట్టుకోరు. వద్దన్నాం.

నవంబరు 13

ఇవాళ చూసింది మంచి బండి. 2022 మోడల్, బీఎస్6, గూడూరు నుంచి ఢిల్లీకి నిమ్మకాయలు తోలేవాళ్లది. పెద్ద బండ్లకు మారుతున్నారని అమ్ముతున్నారు, 15 లక్షలు. స్కానర్ పెడితే ఒక్క కోడ్ లేదు. డ్రైవర్ అన్న మూడేళ్ల సర్వీసు బిల్లులు కవరులో పెట్టి ఇచ్చాడు, ప్రతిసారీ సీకే-4 గ్రేడు ఆయిలే పోశారు, డీజిల్ ఫిల్టర్లు టైముకు మార్చారు, యూరియా సీల్డు క్యాన్లలోదే తప్ప రోడ్డు పక్క డ్రమ్ముల్లోది పోయలేదట.

ఆయనతో గంట మాట్లాడాను, అక్కడే నాకు అసలు విషయం తెలిసింది. ఆయన బండి హైవే ఎక్కితే గంటల తరబడి ఒకే వేగంతో వెళ్తుంది, ఇంజన్ ఎప్పుడూ మంచి వేడి మీద ఉంటుంది. డీపీఎఫ్ అంటే సన్నటి రంధ్రాల పింగాణీ ఫిల్టరు, మసిని పట్టుకుంటుంది. పట్టుకున్న మసిని కాల్చుకోవాలంటే లోపల 550, 600 డిగ్రీల వేడి కావాలి. హైవే బండికి అది నడుస్తుండగానే జరిగిపోతుంది, డ్రైవర్‌కి తెలియను కూడా తెలియదు. "మీరు ఎక్కడ తిప్పుతారు తమ్ముడూ?" అని అడిగాడు. చెప్పాను: కల్లం నుంచి మిల్లుకు 8 నుంచి 20 కిలోమీటర్లు, సగం దూరం కాలవ గట్టు రోడ్డు, రెండో గేరు మూడో గేరు, తర్వాత మిల్లు గేటు ముందు లైన్లో రెండు మూడు గంటలు, ముందుకు జరపడానికి ఇంజన్ ఆపుతూ వేస్తూ. ఆయన కాసేపు ఆలోచించి "అయితే మీకు వారానికోసారి ల్యాంపు వెలుగుతుంది, బండి పక్కన పెట్టి అరగంట సేపు రేజులో పెట్టి కాల్చుకోవాలి, కాల్చడం కుదరక వదిలేస్తే పికప్ కోసేస్తుంది" అన్నాడు. యూరియా వైపు తేడా వస్తే ఇంకా కఠినం, ముందు ఇంజన్ లాగుడు నాలుగో వంతు తగ్గిస్తుంది, అప్పటికీ పట్టించుకోకపోతే గంటకు 20 కిలోమీటర్లు దాటనివ్వదు.

తన బండి అమ్ముకోవాల్సిన మనిషి ఇలా చెప్పడం నాకు ఆశ్చర్యమేసింది. ఆయనకు నమస్కారం పెట్టి వచ్చాను.

ఢిల్లీ వెళ్లేవాళ్లకైతే అసలు వేరే దారే లేదు. ఈ నవంబరు 1 నుంచి ఢిల్లీలో రిజిస్టరు కాని బీఎస్3 సరుకు బండ్లను ఊళ్లోకి రానివ్వడం లేదు, బీఎస్4 వాళ్లకు 2026 అక్టోబరు 31 దాకా గడువు ఇచ్చారు. ఆజాద్‌పూర్ మండీకి మామిడో నిమ్మో తోలేవాళ్లు బీఎస్6 కొనుక్కోవాల్సిందే, మైకో పంపు ఎంత ముద్దొచ్చినా సరే.

నవంబరు 16

రాత్రి బావా నేనూ లెక్క వేశాం. అక్క కూడా కూర్చుంది, డబ్బు లెక్క ఆమెదే.

బీఎస్6 బండికీ పాత బండికీ ధరలో తేడా సుమారు 9 లక్షలు. నాలుగేళ్లకు 13 శాతం మీద నెలకు 24 వేల పైచిలుకు కిస్తీ. మేం నెలకు తిరిగేది 1500 కిలోమీటర్లు. పాతది లీటరుకి 5, కొత్తది 6 ఇస్తుందనుకుంటే 300 లీటర్లకు బదులు 250 పడుతుంది. మిగిలేది 50 లీటర్లు, లీటరు 97 రూపాయల లెక్కన 4,850. అందులోంచి యూరియా ఖర్చు తీసేయాలి. అదే నెలకు 8 వేల కిలోమీటర్లు తిరిగే బండైతే డీజిల్ మీదే 26 వేలు మిగిలి కిస్తీ కట్టేసుకుంటుంది. అంటే కొత్త ఇంజన్ ఖరీదైనదని కాదు, మా పనికి దాని ఖరీదు రాబట్టుకునేంత దూరం లేదు.

బావ అడిగిన ప్రశ్న మాత్రం సూటిగా ఉంది: "పాతది చెడిపోదా ఏంట్రా?"

చెడిపోతుంది బావా, కానీ చెడిపోయే పద్ధతి వేరు. పాత ఇంజన్ లోపల అరుగుతుంది, మెల్లగా, నెలల తరబడి చెబుతూ అరుగుతుంది. ఆయిల్ తాగుతుంది, పొగ రంగు మారుతుంది, పొద్దున్నే స్టార్టింగ్ బద్ధకిస్తుంది. సీజను గడిపేసి వేసవిలో విప్పుకోవచ్చు. కొత్త ఇంజన్ లోపల దిట్టంగా ఉండగానే బయట ఒక సెన్సారో ఒక వైరో పోయి ఆ నిమిషానే కూర్చుంటుంది. హైవే మీదైతే కంపెనీ సర్వీసు బండి వస్తుంది. మా కాలవ గట్టు మీద, కల్లంలో రాశి పోసి ఉండగా, మబ్బు పట్టినప్పుడు ఆగితే?

అక్క ఒక్క మాట అంది, "ఆ రైతు ధాన్యం గుర్తుందిగా". అక్కడితో తేలిపోయింది.

బీఎస్4 గురించి రెండు మాటలు. అందులో రెండు రకాలు, యూరియా పోసేవి, అశోక్ లేలాండ్ ఐఈజీఆర్ (పొగలో కొంత మళ్లీ ఇంజన్‌లోకే పంపే పద్ధతి) లాగా యూరియా లేనివి. డీపీఎఫ్ గొడవ తక్కువ కాబట్టి మాలాంటి వాళ్లకు మంచి నడిమి దారే, కానీ ఆ సంగతి అమ్మేవాళ్లకూ తెలుసు, మేం చూసిన రెండిటికీ 11 లక్షలకు తక్కువ చెప్పలేదు.

నవంబరు 22

కొన్నాం. టాటా 1613, 2014 జూన్ రిజిస్ట్రేషన్, బీఎస్3, 697 ఇంజన్. ఆ నంబర్ల అర్థం తెలియనివాళ్లకు: 16 టన్నుల బండి, 130 హార్స్ పవరు. ఇంజన్ విషయంలో 6 అంటే ఆరు సిలిండర్లు, 97 అంటే బోరు, అదే సిలిండరు లోపలి వ్యాసం, 97 మిల్లీమీటర్లు. స్ట్రోకు 128, మొత్తం 5675 సీసీ. టాటా, బెంజ్ కలిసి లారీలు చేసిన కాలం నాటి బెంజ్ ఇంజన్ కొలతలే ఇవి, అందుకే విడిభాగాలు చిన్న టౌన్‌లో కూడా దొరుకుతాయి.

మంచి ఇంజన్ అని కొనలేదు, దీనికి పని ఉందని తెలిసే కొన్నాం. ఇంజన్ వేడెక్కాక ఆయిల్ పోసే మూత తీసి తిరగేసి పెడితే ఎగిరెగిరి పడింది, బ్యాక్ కంప్రెషన్ గట్టిగా ఉంది, అంటే సిలిండర్లలో ఆగాల్సిన గాలి రింగుల సందుల్లోంచి కిందికి తన్నుతోంది. రేజు ఇస్తే నల్లటి పొగ. లోడు లేకుండానే లీటరుకి 4.1 ఇస్తోందని యజమానే ఒప్పుకున్నాడు. కానీ చాసిస్ ఎక్కడా వెల్డింగు లేదు, గేర్ బాక్సు, హౌసింగ్ నిశ్శబ్దంగా ఉన్నాయి, ఆర్‌సీ మీద ఫైనాన్స్ లేదు, ఎఫ్‌సీ, ఇన్సూరెన్సు ఉన్నాయి.

బేరంలో ఒక పాయింటు బాగా పనికొచ్చింది. రెండు యాక్సిళ్ల బండికి 12 ఏళ్లు దాటితే నేషనల్ పర్మిట్ ఇవ్వరు, మల్టీ యాక్సిల్‌కి అయితే 15. అంటే ఈ బండికి వచ్చే జూన్‌తో నేషనల్ పర్మిట్ ఆఖరు. మేం రాష్ట్రం దాటం కాబట్టి మాకు దాంతో పనిలేదు, అమ్మేవాళ్లకు మాత్రం రోజు గడిచేకొద్దీ ధర పడిపోతుంది. 6.9 అన్నది 6.1 దగ్గర తెగింది.

నవంబరు 29

ముందు పంపూ, ఇంజన్‌లోకి డీజిల్ చిమ్మే నాజిళ్లూ దింపి ఆటోనగర్‌లో పంపు మేస్త్రీ దగ్గరికి పట్టుకెళ్లాం. అరవై దాటిన మనిషి. పంపు చేతిలోకి తీసుకోగానే ఫుల్ లోడ్ స్క్రూ మీద బొటనవేలు పెట్టి "సీలు కోసేశారు అబ్బాయ్" అన్నాడు. లాగుడు కోసం ఎవరో స్క్రూ తిప్పి డీజిల్ పెంచేశారు.

పంపుని బెంచి మీద బిగించి తిప్పితే ఆరు గాజు గొట్టాల్లోకి ఆరు లైన్ల నుంచి నూనె పడుతుంది. అన్నీ ఒకే ఎత్తుకు రావాలి. మావి మెట్లలాగా వచ్చాయి, అన్నీ ఉండాల్సినదానికంటే పైనే, అందులో మూడోదీ అయిదోదీ ఇంకా పైన. తర్వాత నాజిళ్లు చేతి పంపు మీద ఒక్కొక్కటీ పెట్టి కొట్టాడు. బాగున్న నాజిల్ కరకరమని చప్పుడు చేస్తూ పొగమంచులా చిమ్ముతుంది, ఆపగానే మొన పొడిగా ఉంటుంది. మూడోది చిమ్మలేదు, కారింది. మొన కింద చుక్క లావై, వేలాడి, రాలింది. మళ్లీ ఇంకో చుక్క. "ఇంజన్ విప్పితే మూడో బోరు చూడు" అన్నాడు మేస్త్రీ.

ఎలిమెంట్లు, డెలివరీ వాల్వులు, ఆరు నాజిళ్లు కొత్తవి వేసి, గవర్నర్ సరిచేసి, కంపెనీ లెక్క ప్రకారం కాలిబ్రేషన్ చేసి, నా ముందే సీలు వేయించుకున్నాను. 38 వేలు. కొంచెం ఎక్కువ పెట్టమంటారా లాగుడు వస్తుంది అని అడిగాడు అక్కడి కుర్రాడు, వద్దన్నాను.

ఈ పొగ సంగతి నాకు మనసులో గుచ్చుకుంటూనే ఉంది. బీఎస్3 పెద్ద డీజిల్‌కి మసి హద్దు కిలోవాట్ గంటకు 0.10 గ్రాములు, బీఎస్6కి 0.01. నైట్రోజన్ ఆక్సైడ్లు అక్కడ 5 గ్రాములు, ఇక్కడ అర గ్రాము కూడా లేదు. మా దారిలో రెండు బడులు ఉన్నాయి. పాత ఇంజన్ కొన్నాం కాబట్టి అది పుట్టినప్పటి లెక్కకు మించి ఒక్క చుక్క కూడా ఎక్కువ తాగకుండా చూడటం మా బాధ్యత, ఆ సీలు అందుకే.

డిసెంబరు 4

ఇంజన్ విప్పాం. మేస్త్రీ మాటే నిజం. మూడో బోరు పై అంచు దగ్గర గేజీ పెడితే 0.22 మిల్లీమీటర్ల అరుగుదల, మిగతావాటిలో ఎక్కడా 0.12 దాటలేదు. కారిన డీజిల్ లైనరు గోడ మీది ఆయిల్ పొరను కడిగేసింది, పొర లేకుండా రింగులు రాసుకుని తిన్నాయి, ఆ సందులోంచే బ్యాక్ కంప్రెషన్. మూడో పిస్టన్ నెత్తిన ఒక పక్క కరిగి గుంటలు పడినట్టు ఉంది. ఇంకో సీజను ఇలాగే తిప్పి ఉంటే పిస్టన్‌కి బొక్క పడేది.

అనుకోని దెబ్బ ఒకటి. క్రాంక్ పాలిష్‌తో పోతుందనుకున్నాం, రెండు జర్నల్స్ (బేరింగులు పట్టే చోట్లు) మీద గీతలు లోతుగా ఉన్నాయి, గ్రైండింగ్ చేయించి పది థౌ (అంగుళంలో వందో వంతు) అండర్‌సైజ్ బేరింగులు వేయాల్సి వచ్చింది. గ్రైండింగ్ షాపులో లైను, అయిదు రోజులు పోయాయి. ఆ అయిదు రోజులూ మళ్లీ కిరాయి లారీలే, బావ నాతో సరిగ్గా మాట్లాడలేదు. సీజను మధ్యలో ఇంజన్ విప్పడం నా తప్పే, బండి సెప్టెంబరులో కొనాల్సింది.

డిసెంబరు 14

స్టార్ట్ అయింది. ఎయిర్ తీసి, పైపులు బిగించి, ముందు స్టాప్ లాగి పట్టుకుని ఆయిల్ ప్రెషర్ ముల్లు లేచేదాకా తిప్పాం, తర్వాత వదిలాం. రెండో తిప్పుకే అందుకుంది. మూత తిరగేసి పెడితే కదల్లేదు. బావ దాన్ని చేత్తో ముట్టుకుని చూసి మళ్లీ పెట్టాడు.

ఖర్చు: లైనర్లు, పిస్టన్లు, రింగులు, బేరింగులు, ప్యాకింగ్ సెట్టు, హెడ్డు పని, క్రాంక్ గ్రైండింగ్ కలిపి 1.24 లక్షలు. కూలి 28 వేలు. పంపు 38 వేలు. రేడియేటర్ కడిగించి హోసులు మార్చడం 9 వేలు. మొత్తం 1.99 లక్షలు, బండితో కలిపి 8.09 లక్షలు.

మొదటి వెయ్యి కిలోమీటర్లు సగం లోడే. 70 బస్తాలు మించి వేయనని బావకు ముందే చెప్పాను.

జనవరి 6, 2026

వెయ్యి పూర్తయ్యాక ఆయిల్, ఫిల్టర్ మార్చి, టాపెట్లు సరిచేసి, అప్పటి నుంచి పూర్తి లోడు. 130 బస్తాలు, కాటా మీద 9.75 టన్నులు. ట్యాంకు నిండా కొట్టించి మళ్లీ నిండా కొట్టించి చూస్తే 312 కిలోమీటర్లకు 60 లీటర్లు, అంటే 5.2. వంతెన ఎక్కేటప్పుడు అద్దంలో చూశాను, లేత పొగ లేచి వెంటనే పోయింది. ఆయిల్ డిప్‌స్టిక్ మీద పై గీత దగ్గరే ఉంది.

మిగిలిన పనులు: వెనక సీలు దగ్గర చిన్న తడి ఉంది, కారడం కాదు, గుడ్డతో తుడిచి పెన్సిలుతో తేదీ రాశాను, వారం తర్వాత చూడాలి. టర్బో షాఫ్ట్ ఆట కొంచెం ఉంది, దాళ్వా ధాన్యం వచ్చేలోపు విప్పించాలి. హెడ్డు బోల్టులు ఇంకోసారి టార్క్ చూడాలి.

ఇవాళ ఆఖరి ట్రిప్పు ఆ రైతుదే. సాయంత్రం నాలుగింటికి మబ్బు పట్టింది, ఆయన ఫోన్ చేసేలోపే బండి కల్లంలో ఉంది.